గోడ తగిలిన నీరు

ఎంఆర్‌ఐకి మూలమైన విద్య గురించి అడిగితే అందరూ 1952 నోబెల్ పేర్లే చెబుతారు: పర్సెల్, బ్లాక్. కృష్ణా-గోదావరి బేసిన్ చమురు బావుల లాగ్‌లు, అంటే లోతు వెంట తీసిన కొలతల పట్టీలు, చదివి బతికినవాణ్ణి నేను. నాకు ముందు గుర్తొచ్చేది బ్రౌన్, జాక్సన్.

1945 డిసెంబరులో హార్వర్డ్‌లో పర్సెల్, టోరీ, పౌండ్ ప్రోటాన్ల సంకేతాన్ని పట్టింది పారఫిన్ మైనంలో. అది పెట్రోలియం సరుకే. అయినా ఆ విద్య చమురు బావుల్లో స్థిరపడడానికి నలభై ఏళ్ళు దాటింది.

గ్లాసులోని నీటి ప్రోటాన్లను అయస్కాంత క్షేత్రంలో కదిలిస్తే, మళ్ళీ కుదురుకోవడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. అదే నీరు ఇసుకరాయి సందుల్లో చిక్కుకుంటే మిల్లీసెకన్లలోనే సద్దుమణుగుతుంది. నీటి అణువు ఊరికే ఉండదు, తిరుగుతూ సందు గోడను తాకుతుంది. గోడలోని ఇనుము లాంటి అయస్కాంత అయాన్లు దాని స్పిన్‌ను చెదరగొడతాయి. సందు ఇరుకైన కొద్దీ గోడ తగలడం ఎక్కువ. అంటే సంకేతం ఆరిన కాలమే సందు కొలత. 1956లో కాలిఫోర్నియాలో బ్రౌన్, ఫాట్ ఇసుక రేణువులకు నీరంటని పూత పూసి చూశారు. సంకేతం ఎక్కువసేపు నిలిచింది. దోషం నీటిది కాదు, గోడదని తేలిపోయింది. 1962లో ఇలాంటి గోడల సిద్ధాంతం రాసినవాళ్ళలో మైనం నాటి టోరీ కూడా ఉన్నాడు.

1960లలో బావిలోకి దించిన పరికరాలు భూమి అయస్కాంతత్వం మీదే ఆధారపడేవి. బావి నిండా ఉన్న తవ్వకపు బురద, అంటే మడ్‌లోనూ నీరే కదా, దాని సంకేతం రాతి సంకేతాన్ని మింగేసేది. దాని నోరు నొక్కడానికి మడ్‌లో మాగ్నటైట్ పొడి కలిపి తిప్పాలి. రిగ్గు అద్దె గంటగంటకూ పెరుగుతుంటే ఈ తతంగాన్ని ఏ డ్రిల్లరు సహిస్తాడు? పైగా మొదటి ఇరవై మిల్లీసెకన్లకు పైగా పరికరం చెవిటిది. సన్న సందుల నీరు ఆలోపే ఆరిపోయేది.

1980 ప్రాంతంలో లాస్ అలమోస్‌లో జాస్పర్ జాక్సన్ రెండు అయస్కాంతాల ఒకే ధ్రువాలను ఎదురెదురుగా పెట్టాడు. నిలకడైన క్షేత్రం బావి అవతల, రాతిలో ఉంగరంలా ఏర్పడింది. మడ్ జోలికి పోనక్కర్లేదు! కానీ సంకేతం మరీ బలహీనం. ఆ లోటు తీర్చి, 1990ల మొదట్లో సరుకుగా అమ్మింది పెన్సిల్వేనియాకు చెందిన న్యూమార్.

మా లాగ్‌ల మీద సంకేతం ఆరే కాలం 33 మిల్లీసెకన్ల దగ్గర నిలువు గీత ఉండేది. కుడివైపున పారే ద్రవం, ఎడమవైపున గోడను అంటిపెట్టుకున్న నీరు. ఇసుకరాయికి వాడుకగా పెట్టుకున్న అంకె అది, సున్నపురాయికైతే 92. కుర్రాళ్ళు దాన్ని శిలాశాసనంలా చూసేవారు. ఇనుము ఎక్కువున్న క్లోరైట్ అనే ఖనిజం రేణువులను కప్పిందంటే పెద్ద సందులోని నీరూ గబగబా ఆరి ఎడమవైపుకు చేరుతుంది. అలాంటి రాతి నుంచి కోర్ నమూనా తీసి, ల్యాబులో గీత ఎక్కడ పడుతుందో కొలుచుకోవాల్సిందే.