ప్రోటీన్ బొమ్మ పక్కన గ్రాఫ్: డీటీడీ ఎంజైమ్ ఆధారంగా ఒక పరిశీలన

తార్నాక నుంచి ఉప్పల్ వెళ్ళే రోడ్డు మీద, హబ్సిగూడలో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడి రాజన్ శంకరనారాయణన్ బృందం పరిశోధించిన డీటీడీ ఎంజైమే ఈ వ్యాసానికి ఆధారం. కణంలో ప్రోటీన్ల తయారీకి వాడేది ఎల్-అమైనో ఆమ్లాలనే. అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే టీఆర్ఎన్ఏకు పొరపాటున వాటి అద్దపు ప్రతిబింబమైన డి-రకం తగులుకుంటే డీటీడీ దాన్ని ఊడదీస్తుంది, ఎల్-రకం జోలికి పోదు. ఈ విచక్షణకు మూలం ఒక గ్లైసీన్, దాని వెంటే సిస్ రూపంలో ఉన్న ప్రోలీన్ అని 2013లో ఈ బృందం చూపింది. జంతువుల్లో ఉండే ఏటీడీ అనే దగ్గరి బంధువులో అదే జంట ట్రాన్స్ రూపంలో ఉందని, అందువల్ల ఎల్-అలనీన్‌కు కూడా చోటు దొరుకుతోందని 2018లో వెల్లడించింది.

తేడా అంతా ఒక్క పెప్టైడ్ బంధం తిరగడంలో ఉంది. రెండు నిర్మాణాలనూ బ్రౌజర్‌లో రిబ్బన్ రూపంలో తెరిస్తే ఇది కంటికి ఆనదు. రిబ్బన్ గొలుసు పోయే దారిని చూపిస్తుందే గాని బంధం ఎటు తిరిగిందో చెప్పదు. అదే, ఆ బంధం ఎంత తిరిగిందో చెప్పే ఒమేగా కోణాన్ని గ్రాఫ్‌గా గీస్తే ట్రాన్స్ బంధాలన్నీ 180 డిగ్రీల దగ్గర గుమిగూడతాయి, సిస్ ప్రోలీన్ ఒంటరిగా సున్నా దగ్గర నిలుస్తుంది. వెతకాల్సిన పనే లేదు.

గ్రాఫ్ అనగానే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు గుర్తొచ్చేది రామచంద్రన్ పటం. అణువుల బొమ్మలు చూపే జేమాల్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఆదేశంతో అది వస్తుంది. కానీ 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ఇచ్చిన ఆ పటానికి అక్షాలు గొలుసులోని మిగతా రెండు బంధాల మెలికలైన ఫై, సై కోణాలు. పెప్టైడ్ బంధం ట్రాన్స్‌లో ఉందన్నది అక్కడ ముందే ఒప్పుకున్న సంగతి. మన ప్రశ్నకు అది చాలదు, ఒమేగాకు వేరే గ్రాఫ్ ఉండాలి.

గీయడంలో ఒక చిక్కుంది. కోణాలను మామూలుగా -180 నుంచి 180 వరకు లెక్కిస్తారు. 179, -179 నిజానికి రెండు డిగ్రీల దూరంలోనే ఉన్నా గ్రాఫ్‌లో ఒకటి పైకొసకు, ఒకటి కిందికొసకు పోతాయి. ఒమేగా అక్షాన్ని -90 నుంచి 270 దాకా పెట్టుకుంటే సిస్, ట్రాన్స్ గుంపులు రెండూ చీలిపోకుండా మధ్యలోకి వస్తాయి. చిన్న మార్పే గాని ఇది లేని గ్రాఫ్ చదివేవాణ్ణి తప్పుదోవ పట్టిస్తుంది.

రెండో చిక్కు గుర్తింపు సంఖ్యలది. బొమ్మ, గ్రాఫ్ పక్కపక్కన పెట్టినప్పుడు గ్రాఫ్‌లో చుక్కను నొక్కితే బొమ్మలో ఆ అమైనో ఆమ్లం వెలగాలి, బొమ్మలో నొక్కితే చుక్క వెలగాలి. డీటీడీ రెండు గొలుసుల జంట, పైగా ఒక గొలుసులోని గ్లైసీన్-ప్రోలీన్ రెండో గొలుసు క్రియాస్థానంలోకి చొచ్చుకుపోతుంది. వరుస సంఖ్య ఒక్కటే తాళంచెవిగా పెడితే రెండు ప్రోలీన్లూ ఒకేసారి వెలుగుతాయి, ఏ గొలుసుది ఏ గొలుసు క్రియాస్థానంలో ఉందో తెలియదు. గొలుసు పేరు, వరుస సంఖ్య, చొప్పింపు గుర్తు మూడూ కలిపి వాడాలి.

చుక్కను చూడగానే నమ్మేయకూడదు. నిర్మాణాన్ని సరిదిద్దేటప్పుడు ఒమేగాను 180కి గాని సున్నాకు గాని దగ్గరగా ఉండేలా బిగిస్తారు కాబట్టి, స్పష్టత తక్కువైన చోట గ్రాఫ్‌లో కనిపించేది కొలత కాక నమూనా కట్టినవారి ఎంపిక కావచ్చు. అందుకే సున్నా దగ్గరి చుక్కను నొక్కినప్పుడు అమైనో ఆమ్లంతో పాటు దాని చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ సాంద్రత కూడా తెరుచుకునేలా కట్టాలి.