లౌడ్‌స్పీకర్ కోన్: బరువు, గట్టిదనం

లౌడ్‌స్పీకర్‌లో వాయిస్ కాయిల్‌కు (అయస్కాంతం మధ్య కదిలే తీగచుట్టకు) అంటుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ గాలిని కదిపే గరాటు ఆకారపు భాగమే కోన్. 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ప్రకటించిన కాగితం కోన్ నమూనాయే నేటి స్పీకర్లకు మూలం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తప్పెటగుళ్లు అనే జానపద నృత్యం ఏ స్పీకర్‌కైనా గట్టి పరీక్షే. ఎదకు కట్టిన తప్పెట దబదబా మోగుతుంటే, కాలి గజ్జెలు అదే క్షణంలో ఘల్లుమంటాయి. శ్రీకూర్మం ఆలయ డోలోత్సవం నాటి జనసందోహానికి ఈ రెండూ సరిగ్గా వినిపించాలంటే ఒక్క కోన్ చాలదు. స్తంభానికి కట్టిన హారన్‌లో పలచని, తేలికైన డయాఫ్రమ్ ఉంటుంది. దానితో మంత్రం, ప్రకటన దూరం వెళ్తాయి గానీ తప్పెట దెబ్బలో దమ్ము పోతుంది.

ఆ దమ్ము కోన్ బరువుతో ముడిపడి ఉంది. కోన్ తన అంచు, స్పైడర్‌ల (కాయిల్‌ను నడిమధ్యన పట్టి ఉంచే మడతల గుడ్డ) బిగువు మీద ఒక సహజ పౌనఃపున్యంతో ఊగుతుంది. కదిలే బరువు నాలుగింతలైతే అది సగానికి దిగుతుంది. బేస్ పెట్టెల్లో 15, 18 అంగుళాల బరువైన కోన్లు వాడటానికి ఇదొక కారణం. ఈ లాభం ఊరికే రాదు. అదే అయస్కాంతం, అదే కాయిల్‌తో బరువు రెట్టింపైతే, ఆ సహజ పౌనఃపున్యానికి బాగా పైన శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. దాన్ని పూడ్చాలంటే యాంప్లిఫయర్ నాలుగింతల పవర్ ఇవ్వాలి. బరువు కోన్ ‘నిదానం’ అని దుకాణాల్లో వినిపించే మాట మాత్రం అంతగా నిలవదు. బరువు శబ్దాన్ని తగ్గిస్తుందే తప్ప ఆలస్యం చేయదు. కోన్ పలికించగల స్వరాల పై హద్దును ఎక్కువగా నిర్ణయించేవి కాయిల్ ఇండక్టెన్స్, కోన్ వంగిపోయే తీరు.

ఆ వంగడం దగ్గరే గట్టిదనం అసలు పని మొదలవుతుంది. తక్కువ స్వరాల్లో కోన్ మొత్తం ఒకటిగా కదులుతుంది. స్వరం పెరిగేకొద్దీ దాని ఒక భాగం ముందుకు, మరొకటి వెనక్కు పోయి శబ్దం గరుకుగా మారుతుంది. అల్యూమినియం కోన్ ఈ దశను పైకి నెట్టగలదు, కానీ ఒకసారి మొదలైతే ఖంగుమని మోగుతుంది. పాలీప్రొపిలీన్ అంత గట్టిది కాకపోయినా కంపనాన్ని త్వరగా అణచేస్తుంది. ఒక విడత కాగితం మరో విడతలా ఉండదన్న ఇబ్బందితో బీబీసీ ఇంజనీర్లు 1960లలో బెక్స్‌ట్రీన్ ప్లాస్టిక్‌కు మారారు. దానికీ కంపనాన్ని అణచే పూత పూయాల్సి వచ్చింది. తేలికదనం, గట్టిదనం, అణచే గుణం ఒక్కచోట కుదిరిన కాగితం మాత్రం నూరేళ్లయినా పోలేదు.

శ్రీకూర్మం లాంటి తీరప్రాంతపు తేమలో పూత లేని కాగితం నీరు పీల్చి బరువెక్కుతుంది, మెత్తబడుతుంది. చిరిగినచోట జిగురు దట్టంగా పూస్తే బరువు ఒకవైపుకే చేరి కాయిల్ పక్కకు ఒరుగుతుంది. కోన్‌ను రెండు బొటనవేళ్లతో మెల్లగా సమానంగా నొక్కినప్పుడు గరగరమంటే కాయిల్ రాసుకుంటున్నట్టే. ఇక అతుకులు మాని కోన్‌నూ కాయిల్‌నూ కలిపి మార్చాల్సిందే.