దంత చికిత్సకు భయపడే పిల్లలకు సెడేషన్: ఎప్పుడు అవసరం, ఏమి అడగాలి

కోల్‌కతా ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డులోని డాక్టర్ ఆర్. అహ్మద్ దంత వైద్య కళాశాల దేశంలో ఈ శాస్త్రానికి తొలి విద్యాలయం. 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ దీనిని స్థాపించినప్పుడు, నిర్వహణకు కావలసిన సొమ్మును ‘న్యూయార్క్ సోడా ఫౌంటెన్’ అనే వ్యాపారం ద్వారా సమకూర్చుకున్నారు. తీపి పానీయాల మీద వచ్చిన డబ్బుతో పళ్ళ వైద్యం నేర్పించడం చరిత్ర చేసిన చిన్న చమత్కారం. 1949లో ఆయన కళాశాలను ప్రభుత్వానికి అప్పగించారు. సియాల్దా స్టేషనుకు దగ్గరలో ఉన్నందున శివారు రైళ్ళలో వచ్చే కుటుంబాలకు ఈ ఆసుపత్రి అనువైనది. టీటాగఢ్ జనపనార మిల్లుల చుట్టుపక్కల తరాలుగా స్థిరపడిన తెలుగువారికీ, హావ్‌డా మీదుగా వచ్చే ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకూ ఈ దారి కొత్త కాదు.

అంత దూరం వచ్చాక పిల్లవాడు కుర్చీ ఎక్కనని మొరాయిస్తే, నోరు తెరవకపోతే, తల్లిదండ్రుల ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. ఏ దంత వైద్యశాలలోనైనా ఈ ప్రశ్న ఒకటే: మత్తు ఇచ్చి చికిత్స చేయించాలా, వద్దా? భయం వల్లనో, తొందర వల్లనో అప్పటికప్పుడు తలూపవలసిన విషయం కాదిది.

మొదట తేల్చుకోవలసినది మత్తు సంగతి కాదు, చికిత్స సంగతి. ‘పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి’ అన్న మాట ఇళ్ళలో తరచు వినిపిస్తుంది. కాని వెనుకనుండే పాల దవడపళ్ళు 10 నుంచి 12 ఏళ్ళ వరకు నోటిలో ఉంటాయి. అయిదేళ్ళ బిడ్డకు పన్ను పుచ్చి లోపలి నరం దాకా చేరితే, ఇంకా అయిదారేళ్ళు దానితో గడపాలి. చీము పట్టి, దవడ వాచి, జ్వరం వచ్చిన బిడ్డకు చికిత్సను వాయిదా వేయడమే అసలు ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో 51.4 కోట్ల మంది పిల్లలు పాలపళ్ళ పుప్పితో బాధపడుతున్నారు.

మరోవైపు, పుచ్చిన ప్రతి పన్నుకూ సూదీ డ్రిల్లూ అక్కరలేదు. నరం దాకా పోని పుప్పి మీద సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ద్రవాన్ని చిన్న కుంచెతో అద్దితే అది చాలా సందర్భాల్లో అక్కడితో ఆగిపోతుంది. పుచ్చిన చోటు నల్లబడుతుంది; ముందు పళ్ళకైతే కొందరు తల్లిదండ్రులు ఇష్టపడరు. 2021లో ఈ మందు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో చేరింది. స్కాట్లాండ్ దంత వైద్యురాలు నోర్నా హాల్ పేరిట ప్రసిద్ధమైన మరో పద్ధతిలో, ఎంపిక చేసిన దవడపళ్ళకు సూది లేకుండా, పన్ను అరగదీయకుండా స్టీలు తొడుగు అమరుస్తారు. కనుక వైద్యుని అడగవలసిన తొలి ప్రశ్న: ఈ పని ఈరోజే జరగాలా? మత్తు అవసరం లేని మార్గం ఏదైనా ఉందా?

భయం, భాష

మూడేళ్ళలోపు బిడ్డ కుర్చీలో ఏడవడం వయసుకు సహజం. దానిని మొండితనం అనడం తగదు. పిల్లల ప్రవర్తనను పూర్తి నిరాకరణ నుంచి పూర్తి సహకారం వరకు నాలుగు మెట్లుగా చూసే ఫ్రాంకల్ కొలమానం 1962 నుంచి వాడుకలో ఉంది. తొలి రోజు అట్టడుగు మెట్టున ఉన్న బిడ్డ రెండు మూడు రాకపోకల తరువాత పైకి రావడం అరుదు కాదు. ముందు చెప్పడం, తరువాత చూపడం, ఆ తరువాతే చేయడం పిల్లల దంత వైద్యంలో పాతకాలపు సూత్రం. అద్దం చేతికిచ్చి, గాలి గొట్టాన్ని అరచేతి మీద ఊది చూపించి, అప్పుడు నోటి దగ్గరకు తేవడం వంటిది.

ఇక్కడే కోల్‌కతా తెలుగు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట వినని నాలుగేళ్ళ పాపకు బెంగాలీలో ఎంత మృదువుగా చెప్పినా అది అపరిచిత శబ్దమే. ఆ పాపను ‘సహకరించని బిడ్డ’గా రాసుకోవడం సులువు. బిడ్డకు ఏ భాష అర్థమవుతుందో ముందే చెప్పి, తల్లినో తండ్రినో కుర్చీ పక్కన కూర్చోనిచ్చి మాటలను తెలుగులో అందించే ఏర్పాటు కోరవచ్చు. మత్తు అవసరాన్నే అది తప్పించవచ్చు. అంగీకార పత్రం విషయంలోనూ అంతే: చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం చేయకుండా, అర్థమయ్యే భాషలో వివరించమని అడగడం తల్లిదండ్రుల హక్కు.

మత్తులో రకాలు

‘మత్తు’ అనే ఒక్క మాట కింద చాలా వేర్వేరు పద్ధతులు ఉన్నాయి. అన్నిటికంటే తేలికైనది నైట్రస్ ఆక్సైడ్, అంటే నవ్వుల వాయువు. ముక్కు మీద చిన్న తొడుగు ఉంచి, ఆక్సిజన్‌తో కలిపి, సాధారణంగా సగానికి మించకుండా ఇస్తారు. ఇందుకోసం తయారైన యంత్రాలు ఆక్సిజన్ 30 శాతం కంటే తగ్గనివ్వవు. బిడ్డ నిద్రపోదు, మాట్లాడుతుంది, కాని కలవరం తగ్గుతుంది. వాయువు ఆపి కొన్ని నిమిషాలు ఆక్సిజన్ ఇస్తే తేరుకుంటుంది. జలుబుతో ముక్కు మూసుకుపోయినా, తొడుగు పెట్టనివ్వకుండా ఏడ్చినా ఇది పనిచేయదు. అంటే కొంచెం భయపడే పిల్లలకు బాగా ఉపకరిస్తుంది, ఎక్కువ భయపడేవారికి తక్కువ.

నోటి ద్వారా తాగించే మిడజోలామ్ తరువాతి మెట్టు. ఇరవై ముప్ఫై నిమిషాల్లో పనిచేస్తుంది, జరిగినది చాలావరకు గుర్తుండదు. మోతాదు బిడ్డ బరువును బట్టి కనుక ఆ రోజే తూచాలి. కొందరు పిల్లల్లో ఇది శాంతపరచడానికి బదులు చిరాకునూ పెద్ద ఏడుపునూ తెస్తుంది. రక్తనాళం ద్వారా ఇచ్చే గాఢమైన మత్తు, ఆపరేషన్ థియేటర్‌లో పూర్తి మత్తు పై మెట్లు. నోటినిండా పుచ్చిన పళ్ళున్న చిన్నారికి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అన్నీ ఒకేసారి పూర్తిచేయడానికి ఇవి తగిన మార్గం కావచ్చు. తేలికపాటి మత్తులో నొప్పి పూర్తిగా పోదు. చిగురుకు తిమ్మిరి సూది మామూలుగానే అవసరమవుతుంది. ఆ తిమ్మిరి మందుకూ బరువును బట్టి గరిష్ఠ హద్దు ఉంది.

ఊపిరి మీదే దృష్టి

మన దేశంలో ఈథర్ మత్తు తొలి ప్రయోగం 1847 మార్చి 22న కలకత్తా మెడికల్ కాలేజీలో జరిగింది. నలభై ఏళ్ళ తరువాత మత్తు భద్రత మీద పెద్ద వాదం హైదరాబాద్‌లో నడిచింది. నిజాం ఆర్థిక సాయంతో, సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888, 1889లలో క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ప్రమాదం మొదట శ్వాస నుంచే వస్తుందనీ, కన్ను ఊపిరి మీద ఉంచాలనీ అవి తేల్చాయి. క్లోరోఫాం గుండెను నేరుగానూ ఆపగలదని తరువాతి పరిశోధనలు చూపాయి కనుక ఆ తీర్పు సగమే నిజం. అయితే పిల్లల సెడేషన్‌కు మాత్రం ఆ సగం నేటికీ ముఖ్యమైనది.

బిడ్డ గొంతు దారి ఇరుకు, నాలుక పెద్దది, టాన్సిల్స్ ఉబ్బి ఉండవచ్చు, శరీరంలో ఆక్సిజన్ నిల్వ తక్కువ. పైగా వైద్యుడు నీళ్ళతో, దూదితో పనిచేసేది ఊపిరి వెళ్ళే ఆ నోటిలోనే. తేలిక మత్తు అనుకున్నది అనుకోకుండా గాఢమవచ్చు. అందుకే గాఢమైన మత్తులో పన్ను చూసే వైద్యుడు కాకుండా, బిడ్డను గమనించడమే పనిగా మరొక నిపుణుడు ఉండాలని అమెరికా పిల్లల వైద్యుల, పిల్లల దంత వైద్యుల సంఘాల మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. పల్స్ ఆక్సిమీటర్, ఆక్సిజన్, బిడ్డ కొలతకు సరిపడే మాస్కు ఉన్నాయా, మత్తు లోతుకు పోతే ఊపిరి నిలబెట్టేది ఎవరు అని తల్లిదండ్రులు నిస్సంకోచంగా అడగవచ్చు. ఈ ప్రశ్నకు విసుగుకొనే చోట మత్తు తీసుకోకపోవడమే మేలు.

తల్లిదండ్రులు దాచకుండా చెప్పవలసినవీ ఉన్నాయి: బిడ్డ రాత్రి గురక పెడుతుందా, ఉబ్బసం ఉందా, రెండు వారాలుగా జలుబు దగ్గు ఉన్నాయా, నెలలు నిండకుండా పుట్టిందా, ఏ మందులు వాడుతోంది. మిడజోలామ్, అంతకంటే గాఢమైన మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఉంచాలి. సాధారణ నియమం ప్రకారం మంచినీళ్ళకు 2 గంటలు, తల్లిపాలకు 4, ఆవుపాలకూ తేలికపాటి తిండికీ 6, లూచీ కచోరీల వంటి నూనె వంటకాలకు 8 గంటల విరామం అవసరం. రైల్లో ఏడుస్తున్నాడని అమ్మమ్మ పెట్టిన ఒక్క బిస్కట్టు కూడా లెక్కే. అది చెబితే చికిత్స మరో రోజుకు మారుతుంది. దాచిపెడితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఈ మందులు మెదడుకు హాని చేస్తాయా అన్న ఆందోళన కూడా సహజమే. మూడేళ్ళలోపు పిల్లలకు మూడు గంటలకు మించి గాని, పలుమార్లు గాని ఇచ్చే మత్తుపై 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీచేసింది. శైశవంలో గంటలోపు పూర్తి మత్తు పొందిన పిల్లలకూ పొందని పిల్లలకూ అయిదేళ్ళ వయసులో తెలివితేటల్లో తేడా కనిపించలేదని 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం తెలిపింది. మత్తు వద్దన్నంత మాత్రాన హాని తప్పిందనుకోవడం కూడా పొరపాటే. నలుగురు పట్టుకుని కాళ్ళూ చేతులూ అదిమి పన్ను పీకించడం ఖర్చు తక్కువ పద్ధతిగా కనిపిస్తుంది. కాని ఆ భయం పెద్దయ్యాక కూడా దంత వైద్యుని దరిచేరనివ్వకపోవచ్చు.

తిరుగు ప్రయాణాన్ని ముందే ఆలోచించుకోవాలి. మిడజోలామ్ తీసుకున్న బిడ్డ బాగా మెలకువలోకి వచ్చి, సాయం లేకుండా కూర్చుని మాట్లాడేవరకు పంపకూడదు. కిక్కిరిసిన లోకల్ రైలు ఆ పూట వద్దు. వాహనంలో మళ్ళీ కునుకు పట్టి తల ముందుకు వాలితే గొంతు దారి మూసుకుపోతుంది. బండి నడిపేవారు కాక మరొక పెద్ద మనిషి పక్కన కూర్చుని తలను నిటారుగా ఉంచుతూ ఉండాలి. ఇంట్లో లేపినా లేవకపోయినా, ఊపిరి శబ్దంతో వస్తున్నా, పెదవులు నీలిరంగుకు మారినా ఆలస్యం చేయకుండా దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళాలి. సూది వేసిన వైపు పెదవి, బుగ్గ రెండు మూడు గంటలు తిమ్మిరిగా ఉంటాయి. తెలియక కొరుక్కుని పుండు చేసుకునే పిల్లలు ఎక్కువ కనుక, స్పర్శ వచ్చేవరకు నమిలే తిండి పెట్టరాదు.