చిన్న కారు ఇంజనుకు టర్బో ఛార్జరు : వ్యర్థవాయువు నుండి శక్తిని రాబట్టిన చరిత్ర

ఇంజను ఊపిరి పీల్చెడి అగ్నిగుండము వంటిది. ఇంధన మెంత పోసినను, తగిన గాలి లభింపనిచో మంట నిలువదు. మంట లేనిదే బలము పుట్టదు. చిన్న కారు ఇంజను బలము తక్కువగ నుండుటకు దాని ఇనుము కారణము కాదు. అది పీల్చగల గాలి కొలతయే కారణము. 800 ఘన సెంటీమీటర్ల ఇంజను నిమిషమునకు 5,000 చుట్లు తిరుగునపుడు మిక్కిలిగ 2,000 లీటర్ల గాలిని మాత్రమే లోనికి తీసికొనగలదు. అంతకు మించి గాలిని దానిలోనికి నెట్టు సాధనమే టర్బో ఛార్జరు. ఇంజను వెలిగ్రక్కిన వేడి పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసు మీదనున్న రెండవ చక్రము బయటి గాలిని ఒత్తి సైలెండర్లలోనికి పంపును.

సూరత్ నగరమున నివసించు మన తెలుగు యువకులలో మోటారు విద్యయందు ఆసక్తి గలవారు కొందరు కలరు. పాత సామానుల బజారులో దొరకు టర్బోను తెచ్చి, ఇంటనున్న చిన్న కారునకు తక్కువ ఖర్చుతో అమర్చుకొనవచ్చునా యని వారికి కోరిక కలుగుట సహజము. కోరిక తప్పు కాదు. అయితే ఈ యంత్రము నూఱేండ్లకు పైగా నడచి వచ్చిన త్రోవను తెలిసికొన్న పిమ్మట ఆ ప్రశ్నకు సమాధానము వెదకుట మేలు.

వ్యర్థమును విడిచిపెట్టకుండుట ఈ నగరమునకు క్రొత్త కాదు. పాత జరీని కరగించి అందలి వెండిని మరల రాబట్టు విద్య ఇచ్చటి వృత్తులలో నొకటి. సూరత్ నుండి హజీరాకు పోవు త్రోవలో, కవాస్ గ్రామము చెంత, కేంద్రప్రభుత్వ సంస్థయైన ఎన్.టి.పి.సి. 1992, 1993 సంవత్సరములలో నెలకొల్పిన విద్యుత్కేంద్రము ఈ సూత్రమునకే పెద్ద ఉదాహరణము. అందు సహజవాయువుతో తిరుగునట్లు నిర్మించిన టర్బైనులు నాలుగు. ఒక్కొక్కటి 106 మెగావాట్లు. వాని నుండి వెలువడు వేడి పొగతో నీటిని కాచి, ఆ ఆవిరితో త్రిప్పుటకు ఏర్పరచిన టర్బైనులు రెండు. ఒక్కొక్కటి 116 మెగావాట్లకు కొంచెము హెచ్చు. మొత్తము 656 మెగావాట్లలో మూడవ వంతునకు మించిన శక్తి, లేనిచో ఆకాశమున కలసిపోవలసిన వేడి నుండి వచ్చునట్లు కల్పింపబడినది. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడైనట్లు ఒకదాని కొకటి సాయపడు నీ యేర్పాటు ఊరక లభించినది కాదు. పొగ వేడిని పట్టు బాయిలర్లు, ఆవిరిని చల్లార్చు సాధనములు, వానిని కనిపెట్టి చూచు నిపుణులు ఇన్నియు అవసరమైనవి. టర్బో ఛార్జరు చరిత్ర నేర్పు పాఠమును ఇదియే.

ఈ యంత్రమునకు మూలపురుషుడు స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యూకీ. ఆయన 1905లో, తన యిరువదియారవ యేట, తన ఊహకు పేటెంటు పొందెను. ఇంజను పొగలో వృథాగా పోవు శక్తి మిక్కిలి అధికమనియు, దానితో గాలిని ఒత్తి మరల ఇంజనుకే పెట్టవచ్చుననియు ఆయన కనిపెట్టెను. కాని ఆ వేడికి నిలువగల లోహములు గాని, అంత వేగమునకు ఓర్చు బేరింగులు గాని ఆనాడు లేవు. ఇరువది యేండ్ల ప్రయత్నము పిమ్మటనే ఫలము కనబడెను. 1926 ప్రాంతమున ప్రాయిసెన్, హాన్జెస్టాట్ డాన్‌జిగ్ అను రెండు జర్మను నౌకలందలి డీజిలు ఇంజనులకు టర్బో అమర్చగా, 1,750 అశ్వశక్తి 2,500కు పెరిగెను.

ఆ మధ్యకాలముననే మొదటి ప్రపంచయుద్ధము విమానముల అవసరమును ముందునకు తెచ్చినది. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనై ఇంజను నీరసించును. ఫ్రాన్సులో ఆగస్ట్ రాటో, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన సాన్‌ఫర్డ్ మాస్ ఈ చిక్కును విప్పుటకు పూనుకొనిరి. 1918లో మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజనును కొలరాడో రాష్ట్రమందలి పైక్స్ శిఖరము మీదికి, 14,000 అడుగుల ఎత్తునకు, మోయించి పరీక్షించెను. నేలమీద 350 అశ్వశక్తి నిచ్చు ఆ ఇంజను కొండమీద సుమారు 230కి పడిపోయెను. టర్బో తగిలించిన పిదప 356 చూపెను. ఇచట గమనింపవలసిన దొకటి కలదు. మాస్ ఇంజనునుండి దాని శక్తికి మించిన పని తీయలేదు; అది కోల్పోయిన ఊపిరిని తిరిగి ఇచ్చెను. అందువలననే ఇంజను దానిని సహించినది.

కార్లకు టర్బో 1962లో అమెరికాలో వచ్చెను. జనరల్ మోటార్సు సంస్థలోని రెండు శాఖలు ఒకే సంవత్సరమున రెండు వేర్వేరు త్రోవలు త్రొక్కినవి. షెవ్రొలే శాఖవారు కార్వేరు కారునకు టర్బో అమర్చుచు, ఇంజను సంపీడన నిష్పత్తిని ఎనిమిదింటికి ఒకటిగా తగ్గించి, 150 అశ్వశక్తితో తృప్తిపడిరి. ఓల్డ్స్‌మొబీల్ శాఖవారు జెట్‌ఫైరు కారులో ఆ నిష్పత్తిని తగ్గింపక, పదింటికి పైగానే నిలిపిరి. ఒత్తిడి గాలి వలన మిశ్రమము అదుపు తప్పి తనంతట అంటుకొనకుండుటకై, నీరును మిథైల్ ఆల్కహాలును కలిపిన ద్రవమును ఇంజనులో చల్లునట్లు ఒక తొట్టి నేర్పరచిరి. కాగితము మీద ఇది చక్కని ఉపాయమే. కాని కారు కొన్నవారు ఆ తొట్టిని నింపుట మరచిరి. తొట్టి వట్టిపోయినపుడు ఒత్తిడి తగ్గుట కేర్పాటున్నను ఫిర్యాదులు ఆగలేదు. 1963తో జెట్‌ఫైరు నిర్మాణము నిలిచిపోయెను. పిమ్మట సంస్థవారే టర్బోను తీసివేసి మామూలు కార్బురేటరును అమర్చి ఇచ్చిరి. కార్వేరు టర్బో మాత్రము 1966 వరకు కొనసాగెను. నిత్యము వాడువాని అలవాటును లెక్కకు తీసికొనని యంత్రము ఎంత తెలివైనదైనను నిలువదని ఈ యుదంతము చాటుచున్నది.

1973 నాటి చమురు సంక్షోభము పిమ్మట పెద్ద ఇంజనుల మీద మోజు తగ్గెను. చిన్న ఇంజనుతో పెద్ద పని చేయించుట యెట్లను ఆలోచన బలపడెను. అమెరికాలో టర్బోల తయారీ రంగమున పనిచేసిన హ్యూ మాకిన్నెస్ 1976లో ‘టర్బో ఛార్జర్స్’ అను గ్రంథమును ప్రకటించి, స్వయముగ అమర్చుకొనగోరు వారికి లెక్కలతో సహా మార్గము చూపెను. 1977లో స్వీడను దేశపు సాబ్ సంస్థ ‘99 టర్బో’ కారును ప్రదర్శించెను. అందు సంపీడన నిష్పత్తిని 7.2కు తగ్గించి, ఒత్తిడి హద్దు మీరగనే పొగను ప్రక్కదారికి మళ్లించు కవాటమును అమర్చిరి. రెండు లీటర్ల ఆ ఇంజను 145 అశ్వశక్తి నిచ్చినది. కుటుంబము ప్రయాణించు కారులో టర్బో నమ్మకముగ పనిచేయునని జనులు దాని వలన గ్రహించిరి.

మన చిన్న కారునకు మిక్కిలి దగ్గరి చుట్టము జపానులో కలదు. ఆ దేశమున 1976 నుండి 1990 వరకు 550 ఘన సెంటీమీటర్లకు లోబడిన కార్లకు పన్ను తక్కువగ నుండెను. ఇంజను కొలత పెంచుటకు వీలులేదు కనుక తయారీదారులు గాలిని పెంచిరి. 1987లో సుజుకి సంస్థ ఆల్టో వర్క్స్ అను కారును విడుదల చేసెను. దాని ఇంజను 543 ఘన సెంటీమీటర్లు మాత్రమే. బలము 64 అశ్వశక్తి. మన దేశమున 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800, 1986లో ఆల్టో యొక్క అదే తరపు రూపమును ధరించినది. దాని ఇంజను 796 ఘన సెంటీమీటర్లు. బలము సుమారు 39 అశ్వశక్తి. పెద్ద అన్న 39 వద్ద ఆగగా చిన్న తమ్ముడు 64కు చేరుట చూచి, టర్బో యొక్కటి తగిలించిన మన కారును అట్లే పరుగెత్తునని తలచినవారు పెక్కురు. కాని ఆల్టో వర్క్స్‌లో టర్బో ఒక్కటే కాదు. రెండు క్యామ్‌షాఫ్టులు, పండ్రెండు వాల్వులు, ఎలక్ట్రానిక్ ఇంధన సరఫరా, గాలిని చల్లార్చు ఇంటర్ కూలరు కూడ కలవు. కంటికి కనబడిన దొక్కటి, కనబడనివి నాలుగు.

భారతదేశమున చిన్న కారునకు టర్బో చేరిన విధము మరింత ఆసక్తికరము. 1998లో టాటా సంస్థ వెలువరించిన ఇండికా డీజిలు ఇంజను 1,405 ఘన సెంటీమీటర్లు, సుమారు 53 అశ్వశక్తి కలది. కొన్ని యేండ్ల తరువాత అదే కొలత ఇంజనుకు టర్బో చేర్చగా బలము సుమారు 70కి చేరెను. 2006 కేంద్ర బడ్జెటులో చిన్న కార్ల ఎక్సైజు సుంకము 24 శాతము నుండి 16 శాతమునకు తగ్గింపబడినది. పొడవు నాలుగు మీటర్లకు మించరాదు. పెట్రోలు ఇంజను 1,200, డీజిలు ఇంజను 1,500 ఘన సెంటీమీటర్లకు మించరాదు. ఇంజను నిర్మాణమును ఒక సుంకపు నిబంధన ఎంతగా మలచగలదో మన ఉద్యోగ మిత్రులు గమనింపదగును. హద్దు దాటరాదు, బలము తగ్గరాదు అను రెండు ఒత్తిడుల నడుమ టర్బోకు చోటు దొరకెను. 2007లో 1,248 ఘన సెంటీమీటర్ల టర్బో డీజిలుతో స్విఫ్టు కారు, 2015లో 793 ఘన సెంటీమీటర్ల రెండు సైలెండర్ల టర్బో డీజిలుతో సెలేరియో కారు వచ్చెను. 2017లో 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజనుతో నెక్సాను వచ్చెను. సెలేరియో డీజిలు మాత్రము రెండు మూడేండ్లకే అంగడి నుండి తప్పుకొనెను.

ఇక తక్కువ ఖర్చు మాట. సూరత్ వేసవిలో బయటి గాలి 40 డిగ్రీల వేడితో నున్నదనుకొందము. ఒత్తిడిని 40 శాతము పెంచితిమేని బలమును 40 శాతము పెరుగునని తోచును. కాని ఒత్తినపుడు గాలి వేడెక్కును. మామూలు సామర్థ్యము గల చిన్న టర్బో నుండి ఆ గాలి సుమారు 88 డిగ్రీల వేడితో బయటికి వచ్చును. వేడిగాలి పలుచన, కనుక సైలెండరులో నిజముగ పెరుగు గాలి 21 శాతము మాత్రమే. ఇంటర్ కూలరుతో దానిని 55 డిగ్రీలకు చల్లార్చినచో లాభము 33 శాతమగును. చల్లార్చు పెట్టె కొనని పొదుపు, టర్బో తెచ్చిన లాభములో మూడవ వంతునకు పైగా హరించునన్నమాట. అంతకంటె హెచ్చుగా, ఆ వేడి మిశ్రమమును అకాలమున మండించి పిస్టనులను చిల్లు పొడుచును.

డీజిలు కారు నుండి తీసిన పాత టర్బో చౌకగ దొరకవచ్చును. కాని డీజిలు పొగ కంటె పెట్రోలు పొగ వేడి హెచ్చు. దానికై చేయని లోహము దీనికి ఓర్వదు. టర్బో ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. దానిని మోయునది పలుచని నూనెపొర. పాత ఇంజనులో ఆ నూనె ఒత్తిడి తగ్గియుండినచో ఇరుసు కొన్ని క్షణములలో కాలిపోవును. గట్టిగ నడిపిన వెంటనే ఇంజనును ఆపినచో వేడికి నూనె మాడి మసియగును. అదనపు గాలికి అదనపు ఇంధనము కొలిచి పోయు ఏర్పాటు, గట్టి గాస్కెట్టు, క్లచ్చి, రేడియేటరు, బ్రేకులు వరుసగ వచ్చి లెక్కలో చేరును. కాబట్టి టర్బో ధర మొత్తము ఖర్చు కాదు. అది మొదటి చెల్లింపు మాత్రమే. నిజమైన పొదుపరి మొదట ఇంజను ఆరోగ్యమును, తరువాత ఇంధనమును, చల్లదనమును చక్కబెట్టి, చివర టర్బో కొని, ఒత్తిడిని హద్దులో నుంచును.

చట్టమును మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారుడు నిర్దేశించిన రూపమునకు భిన్నముగ వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగ సమర్థించినది. ఆ యేటి సవరణచట్టము, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరు మాసముల వరకు కారాగారము గాని, రెండును గాని విధించుచున్నది. సి.ఎన్.జి. అమరికకు ఆమోదిత మార్గము కలదు; ఇంట చేసిన టర్బోతో వీథిలో తిరుగుటకు అట్టి మార్గము లేదు. ప్రభుత్వోద్యోగుల బిడ్డలు దీనిని మఱింత జ్ఞప్తియందుంచుకొనవలెను. ప్రమాదము జరిగినచో దండన పొందువాడు నడపినవా డొక్కడే కాదు. త్రోవలో నడచు అమాయకుడును మూల్యము చెల్లించును.

అట్లని ఆసక్తిని అణచవలసిన పని లేదు. 1961లో స్థాపితమైన ఇంజనీరింగు కళాశాల, సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా ఈ నగరముననే కలదు. అట్టి చోట గాని, ఇంటి పెరటిలో గాని, తుక్కునకు పోవు పాత ఇంజను నొక దానిని బల్లకు బిగించి, గాలి వేడిని, ఒత్తిడిని, పొగ వేడిని కొలుచుచు టర్బో నమర్చి చూచిన యువకుడు, వీథిలో నొక్క మైలు పరుగెత్తకయే ఈ శాస్త్రములో చాల భాగము నేర్చుకొనును. చెడినచో చెడునది తుక్కు ఇంజనే గాని ప్రాణము కాదు.

బ్యూకీ ఇరువదియేండ్లు వేచెను. షెవ్రొలే, సాబ్ సంస్థలు ముందుగ ఇంజనును తగ్గించి పిమ్మట గాలిని పెంచినవి. జపానువారు ఇంజను నంతటిని క్రొత్తగ కూర్చిరి. విజయము పొందిన ప్రతివారును టర్బోకు తగినట్లు ఇంజనును సిద్ధపరచిరి; ఓడినవారు ఇంజనును సిద్ధపరుపకయే టర్బోను నమ్మిరి. ఈ భేదమును గ్రహించిన పిమ్మట మన యువకులు ఖర్చు లెక్క వేసికొందురు గాక.