ధవళేశ్వరం హెచ్చరికల వరుస

రాజమహేంద్రవరానికి దిగువన ఉన్న ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ అవుతాయి. ప్రవాహంలో ఇవి ఇంచుమించు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. ఏ హెచ్చరిక ఎప్పుడివ్వాలో అధికారి ఇష్టానికి వదలకుండా గేజీ అంకెకే ముడిపెట్టడం ఈ పద్ధతిలోని గొప్పతనం.

ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టగా 1852లో పూర్తయిన పాత ఆనకట్టమీదుగా వరద నీరు పొర్లిపోయేది. దాన్ని అదుపు చేసే అవకాశం తక్కువ. 1970లో మొదలై 1982లో ముగిసిన బ్యారేజీకి 175 గేట్లున్నాయి: ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. వరద ముంచుకొస్తే గేట్లెత్తి, వచ్చిన నీటిని వచ్చినట్టే సముద్రంలోకి వదులుతారు. బ్యారేజీ డెల్టా కాలువలకు నీరు మళ్లించడానికే తప్ప వరదను నిలవ చేయడానికి కట్టింది కాదు. అందుకే దిగువ జనానికి కబురు వేళకు అందడమే ప్రాణాధారం.

ఆ కబురు ఎగువనుంచే బయలుదేరుతుంది. భద్రాచలంలో మూడు హెచ్చరికలూ 43, 48, 53 అడుగులకు ఇస్తారు. అక్కడి గేజీ చూసి ధవళేశ్వరంలో ముందే సిద్ధమవుతారు. మొదటి హెచ్చరికకు లంక గ్రామాలను అప్రమత్తం చేస్తారు, ఆ తర్వాత పల్లపు లంకల జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలిస్తారు, మూడోది వచ్చేసరికి ఏటిగట్లపై రాత్రింబవళ్లు కాపలా ఉంటుంది. బలహీనమైన చోట ఇసుక బస్తాలు వేస్తారు. గట్టు తెగబోతుండగా లంకలు ఖాళీ చేయించడం మొదలుపెడితే పడవలూ మనుషులూ రెండు పనులకూ చాలరు. వరుస తప్పకూడదనడానికి కారణమదే.

1986 ఆగస్టులో ఈ మెట్లన్నీ చిన్నబోయాయి. భద్రాచలంలో 75.6 అడుగులు, ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద గట్లను చాలాచోట్ల తెంచేసింది. మూడో హెచ్చరిక స్థాయికి రెండింతలైన ఆ నీటికి నాలుగో మెట్టంటూ లేదు. అక్కడినుంచి భారమంతా గట్టు ఎత్తుమీదే పడింది. ఆ తర్వాత గట్లను ఎత్తు చేయడానికి 1986 వరదే కొలమానమైంది. 2022 జూలైలో భద్రాచలం మట్టం మళ్లీ 70 అడుగులు దాటినా ధవళేశ్వరం ప్రవాహం ఆ కొలమానానికి లోబడే ఉంది.

వరద తగ్గుముఖం పడితే వరుస తిరగబడుతుంది. ముందు మూడో హెచ్చరికను, తర్వాత రెండోదాన్ని, చివరికి మొదటిదాన్ని ఉపసంహరిస్తారు.