డిటెక్టివ్ సాహిత్యంలో తప్పుదారి పట్టించే ఆధారాలు

డిటెక్టివ్ కథలో పాఠకుడి అనుమానాన్ని అసలు నేరస్థుడి మీదికి పోనీయకుండా మరోవైపు మళ్లించే వస్తువు, సాక్ష్యం లేదా ప్రవర్తనను తప్పుదారి పట్టించే ఆధారం అంటారు. ఇంగ్లీషు విమర్శలో దీన్ని ‘రెడ్ హెర్రింగ్’ అని వ్యవహరిస్తారు. తొలినాళ్లలో ఇది సాక్షుల పొరపాటుగానో, పాత్రలు దాచుకున్న రహస్యంగానో కనిపించేది. 1920, 1930 దశకాలకు రచయితకూ పాఠకుడికీ మధ్య నడిచే పోటీలో ప్రధానమైన ఎత్తుగడ అయింది.

తొలి దశ

ఎడ్గార్ ఆలన్ పో 1841లో ప్రచురించిన ‘ది మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్’లో, హత్య జరిగిన గదిలోంచి వినిపించిన కీచుగొంతు గురించి సాక్షులు తలోమాట చెబుతారు. ఫ్రెంచివాడు అది స్పానిష్ అంటే, ఇంగ్లీషువాడు జర్మన్ అంటాడు, ఇటాలియన్ రష్యన్ అంటాడు. తాను పేర్కొన్న భాష వారిలో ఎవరికీ రాదు. ఎవరూ అబద్ధమాడలేదు, ఆ గొంతు మనిషిదనుకోవడమే పొరపాటు. హత్య చేసింది ఒక ఒరంగుటాన్.

విల్కీ కాలిన్స్ నవల ‘ది మూన్‌స్టోన్’ (1868)లో వజ్రం పోయాక, పాత దొంగతనాల చరిత్ర ఉన్న పనిమనిషి రోజానా మీద అనుమానం పడుతుంది. ఆమె దాచింది వజ్రాన్ని కాదు, తాను ప్రేమించిన వ్యక్తిని పట్టిచ్చే రంగు మరకల దుస్తును. ఆర్థర్ కానన్ డాయిల్ ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ (1887)లో మరో పద్ధతి వాడాడు: పోలీసులు రహస్య సంఘాల వెంట పడాలని హంతకుడే గోడ మీద రక్తంతో రాస్తాడు.

నియమాల కాలం

తప్పుడు ఆధారాల వాడకం పెరిగేకొద్దీ పాఠకుణ్ణి మోసం చేయకూడదన్న పట్టుదలా పెరిగింది. రొనాల్డ్ నాక్స్ 1929లో వెలువరించిన పది నియమాల్లో, డిటెక్టివ్ తనకు దొరికిన ఆధారాన్ని పాఠకుడికి చూపి తీరాలన్నది ఒకటి. మరుసటి ఏడాది లండన్‌లో డిటెక్టివ్ కథా రచయితల సంఘమైన డిటెక్షన్ క్లబ్ ఏర్పడింది. ఆ క్లబ్ సభ్యురాలు డొరొతీ సేయర్స్ ‘ఫైవ్ రెడ్ హెర్రింగ్స్’ (1931)లో ఆరుగురు చిత్రకారులను అనుమానితులుగా నిలబెట్టింది. వారిలో ఐదుగురు నిర్దోషులు.

అగాథా క్రిస్టీ ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ (1934)లో హతుడి రైలు గదిలో చేతిరుమాలు, పైపు శుభ్రం చేసే తీగ, ఆగిపోయిన గడియారం దొరుకుతాయి. ఆధారాలు అన్నేసి దొరకడమే డిటెక్టివ్ పాయిరోకు అనుమానం కలిగిస్తుంది.

ఉత్కంఠ పుట్టే తీరు

ఈ కథల్లో ఉత్కంఠ సమాచారం తక్కువై పుట్టదు, ఎక్కువై పుడుతుంది. చూపినవాటిలో ఏది పనికొస్తుందో తేలక పాఠకుడు ప్రతి పాత్రనూ కనిపెట్టుకుని ఉంటాడు. డాయిల్ నవల ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’లో నౌకరు బ్యారిమోర్ అర్ధరాత్రి కిటికీ దగ్గర కొవ్వొత్తి చూపడం అలాంటిదే. జైలు నుంచి పారిపోయిన తన భార్య తమ్ముడికి అతను చేసే సైగ అది. ఆ చిక్కు విడినా అసలు నేరం అలాగే మిగులుతుంది, కథలో పట్టు సడలదు. మంచి తప్పుడు ఆధారానికి ఇలా తనదైన కారణం ఉంటుంది. చివర్లో ఆ కారణం చెప్పకపోతే పాఠకుడు మోసపోయినట్టు భావిస్తాడు.

తరువాతి మార్పులు

హోర్హె లూయిస్ బోర్హెస్ 1942 నాటి కథ ‘డెత్ అండ్ ది కంపస్’లో తప్పుడు ఆధారాలు డిటెక్టివ్‌నే చావుకు రప్పించే ఎరగా మారాయి. ఉంబెర్తో ఎకో ‘ది నేమ్ ఆఫ్ ది రోజ్’ (1980)లో పరిశోధకుడు హత్యల్లో లేని క్రమాన్ని ఊహించుకుని, దాని వెంటే వెళ్లి నేరస్థుణ్ణి చేరుకుంటాడు.