తీవ్ర పిత్తాశయ శోథ, లాపరోస్కోపీ: ఒక నిషేధం సడలిన క్రమం

1882 జూలై 15న బెర్లిన్‌లోని లాజరస్ ఆసుపత్రిలో కార్ల్ లాంగెన్‌బుక్ తొలిసారిగా ఒక రోగి పిత్తాశయాన్ని పూర్తిగా తొలగించాడు. అంతకుముందు శస్త్రవైద్యులు పిత్తాశయాన్ని తెరిచి రాళ్లను మాత్రమే తీసేవారు. రాళ్లను పుట్టించేది పిత్తాశయమే కనుక దానినే తీసివేయాలన్నది ఆయన వాదన. ఆ తరువాత దాదాపు శతాబ్దం పాటు ఈ చికిత్స ఉదరంపై పెద్ద కోతతోనే సాగింది.

1985 సెప్టెంబరు 12న జర్మనీలోని బోబ్లింగెన్‌లో ఎరిక్ మ్యూహె లాపరోస్కోపు సహాయంతో పిత్తాశయాన్ని తొలగించాడు. మరుసటి ఏడాది జర్మన్ శస్త్రవైద్యుల సమావేశంలో ఆ పద్ధతిని వివరించినప్పుడు ఆదరణ లభించలేదు. 1987లో లియోన్‌లో ఫిలిప్ మూరే చేసిన ప్రయత్నం తరువాత ఫ్రాన్స్, అమెరికాలలో ఈ పద్ధతి వేగంగా వ్యాపించింది. 1990లో తెహెంతన్ ఉద్వాడియా దీనిని ముంబయి జె.జె. ఆసుపత్రిలో ప్రవేశపెట్టాడు.

అయితే తొలినాళ్లలో తీవ్ర శోథ ఉన్న రోగులను ఈ పద్ధతికి దూరంగా ఉంచారు. వాచిన కణజాలంలో నాళాల ఆనవాళ్లు చెరిగిపోతాయి. ప్రధాన పిత్తనాళాన్ని పిత్తాశయ నాళంగా పొరబడి కత్తిరిస్తే రోగి జీవితాంతం బాధపడవలసి రావచ్చు. పెద్ద కోతలో చేతి స్పర్శతో తెలిసేది ఇక్కడ తెరపై కనిపించే దృశ్యంతోనే తేల్చుకోవాలి. కాబట్టి ఆ భయం నిరాధారం కాదు.

ఈ చిక్కుకు సమాధానం రెండు దిశల నుంచి వచ్చింది. మొదటిది కోతకు ముందు పాటించవలసిన నియమం. 1995లో స్ట్రాస్‌బర్గ్ బృందం ప్రతిపాదించిన 'క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ' ప్రకారం, కాలేయం, నాళాల మధ్యనున్న త్రికోణ ప్రాంతంలో కొవ్వును, పీచు కణజాలాన్ని తొలగించాలి; పిత్తాశయపు దిగువ భాగాన్ని కాలేయం నుంచి వేరుచేయాలి; పిత్తాశయంలోకి రెండే నిర్మాణాలు వెళ్తున్నాయని రూఢి చేసుకోవాలి. ఆ తరువాతే కత్తిరించాలి.

రెండవది పరీక్షించి చూడటం. 1998లో వెలువడిన ఫిన్లాండ్ అధ్యయనం తీవ్ర శోథ ఉన్న 63 మందిపై రెండు పద్ధతులనూ పోల్చింది. లాపరోస్కోపీ విభాగంలో ఐదుగురికి మధ్యలో పెద్ద కోతకు మారవలసి వచ్చినా, ఆ విభాగంలో చిక్కులు తక్కువగానే కనిపించాయి. 2013లో జర్మనీ వైద్యులు ప్రధానంగా నిర్వహించిన 618 మంది అధ్యయనంలో, ఆసుపత్రిలో చేరిన 24 గంటల్లోపు శస్త్రచికిత్స పొందినవారిలో 11.8 శాతం మందికి, వాయిదా వేసినవారిలో 34.4 శాతం మందికి 75 రోజుల్లో చిక్కులు ఏర్పడ్డాయి. తొలి రోజులలో వాపు నీరూరి మెత్తగా ఉంటుంది. ఆలస్యమైతే అది గట్టిపడి పొరలను విడదీయడం కష్టమవుతుంది.

నిషేధం తొలగినా దానికి మూలమైన జాగ్రత్త తొలగలేదు. నాళాల గుర్తింపు కుదరనప్పుడు పెద్ద కోతకు మారడం లేదా పిత్తాశయంలో కొంత భాగాన్నే తీసి ఆపివేయడం ఓటమి కాదనే వివేకం ఈ చరిత్ర అందించిన ప్రధాన ఫలితం.